అప్‌డేట్: ఎయిర్ రైఫిల్ గుంపు విచ్చుకోవడానికి కారణం దొరికింది

కర్నూలు నుంచి నేను అడిగిన ప్రశ్న ఇదీ: 10 మీటర్ల 4.5 మి.మీ. పీసీపీ రైఫిల్‌ను (సిలిండర్‌లో ముందే నింపిన గాలితో పేలేది) బిగించి కాల్చినా గుళ్లు ఒకేచోట పడక టార్గెట్‌లో పది వదిలి తొమ్మిది వలయంలోకి పోతున్నాయి, పెల్లెట్లను, అంటే ఆ సీసం గుళ్లను, తూచి వేరుచేయాలా అని. జవాబిచ్చిన అన్నలకు థాంక్స్.

తూకం కంటే పెల్లెట్ తల సైజే, అంటే ముందువైపు వెడల్పే, ముఖ్యమని తేలింది. ఒకే కంపెనీ, ఒకే 0.53 గ్రాముల చదునుతల పెల్లెట్‌లో తల సైజు 4.49, 4.50, 4.51 మి.మీ. ఉన్న డబ్బాలు తెచ్చి, ఒక్కోదానితో ఐదేసి గుళ్ల గుంపులు కాలిస్తే 4.50 ఒక్కటే దగ్గరగా పడింది. ఇంకో బ్యారెల్‌కు ఇంకో సైజు కుదరొచ్చు, నా అంకె చూసి కొనొద్దండి. సైజు మార్చినప్పుడు మొదటి కొన్ని గుళ్లు లెక్కలోకి తీసుకోకూడదు. బ్యారెల్‌లో కొత్త సీసం పూత కుదురుకోవాలి.

తర్వాతది పావడా, అంటే పెల్లెట్ వెనకవైపు పలుచని అంచు. డబ్బా కిందపడితే అది సొట్టపోతుంది, గాలి ఒకపక్కకు తోస్తుంది, గుండు పక్కకు పోతుంది. సొట్టవి వెలుతురులో చూసి ఏరేయడమే, సరిచేయొద్దు. మిల్లీగ్రాముల త్రాసు ఉంటే మంచిదే, కొనాల్సినంత అవసరం మాత్రం లేదు.

బ్యారెల్ శుభ్రం చేయడానికి ఫెల్ట్ (ఉన్నిలాంటి మెత్తని గుడ్డ) ముక్కలే వాడండి, ఇనుప బ్రష్ వద్దు. స్ప్రింగ్ రైఫిల్‌లో (స్ప్రింగ్ పిస్టన్‌ను నెట్టి గాలిని నొక్కేది) ఫెల్ట్‌ను పెల్లెట్‌లా పెట్టి పేల్చకూడదు. ఫెల్ట్ బరువు చాలక పిస్టన్ గట్టిగా గుద్దుకుంటుంది, కాబట్టి కడ్డీతో తోయాలి.

మన ఎండలకు రైఫిల్ గాలి సిలిండర్‌ను కారులో వదలొద్దు. సీసం ముట్టిన చేతులు సబ్బుతో కడిగాకే అన్నం.