కాకతాళీయమా, ఘుణాక్షరమా?

వెతకని మేలైనదేదో అనుకోకుండా దొరకడాన్ని చెప్పే 'సెరెండిపిటీ' అన్న ఇంగ్లీషు మాటకు తెలుగు మాట అడిగిన మిత్రునికి చాలామంది 'కాకతాళీయం' అని సూచించారు. ఆ మాట ఇక్కడ చాలదని నా అభిప్రాయం. కాకి వాలడం, అప్పుడే తాటిపండు రాలడం అనే ఆ న్యాయంలో రెండు సంఘటనలు ఒక్కసారి జరగడమే ఉంది గాని, దానివల్ల ఎవరికైనా ఏదైనా తెలిసిందన్న సూచన లేదు. 'వెతకబోయిన తీగ కాలికి తగిలినట్టు' అన్న సామెత మరికొంత దగ్గరగా వస్తుంది. అయితే అక్కడ తగిలింది వెతుకుతున్న తీగే. 1754లో ఇంగ్లీషు రచయిత హోరేస్ వాల్పోల్ శ్రీలంకకు పాత పేరైన సెరెండిప్ నుంచి ఆ ఇంగ్లీషు మాటను కల్పించినప్పుడు, వెతకనిది తటస్థపడటాన్నీ, దాన్ని పోల్చుకోగల సూక్ష్మబుద్ధినీ కలిపే చెప్పాడు.

అందుకే నేను 'ఘుణాక్షరం' వైపు మొగ్గుతాను. ఘుణమంటే కొయ్యను తొలిచే పురుగు. అది తన తిండి కోసం తొలుచుకుంటూ పోగా ఏర్పడిన గీత ఒక్కోసారి అక్షరంలా కుదురుతుంది. దీన్ని కూడా యాదృచ్ఛికానికి ఉదాహరణగానే చెబుతారన్నది నిజమే. కాని పురుగుకు చదువు రాదు కదా; అక్షరజ్ఞానం ఉన్న కన్ను పడేదాకా అది ఉత్త తొలుపు మాత్రమే.

ఉదాహరణకు, 1856లో పద్దెనిమిదేళ్ల రసాయనశాస్త్ర విద్యార్థి విలియం పెర్కిన్ మలేరియా మందైన క్వినైన్‌ను కృత్రిమంగా తయారు చేయబోతే, చివరికి పాత్రలో మిగిలింది నల్లటి మడ్డి. దాన్ని ఆల్కహాలులో కరిగించినప్పుడు ఊదా రంగు తేలింది. కావలసింది మందు కాబట్టి పారబోసి ఉంటే తప్పు పట్టేవారెవరూ లేరు. అతడు ఆ రంగును పట్టు గుడ్డకు అద్ది, నిలుస్తుందని గ్రహించి, అదే ఏడాది పేటెంటు తీసుకున్నాడు. ఆ మడ్డిలో అతడు అక్షరం చదివాడు.

రాతలోనూ ఇంతే. ఒకసారి నేను 'గుండెలో తిరిగే నుడి' అన్న పాదాన్ని సాపు రాస్తూ, చేయి తొందరపడి నకారానికి సకారం వేశాను. 'గుండెలో తిరిగే సుడి' అని చదువుకున్నాక దిద్దబుద్ధి కాలేదు, ఎందుకంటే 'తిరిగే' అన్న మాట మొదటినుంచీ కోరుకుంటున్నది సుడినేనని అప్పుడు గాని నాకు తెలియలేదు.

వాడుక సంగతికి వస్తే, 'ఆ రంగు ఘుణాక్షరంగా దొరికింది' అనడం నా చెవికి ఇంపుగానే ఉంది. 'ఘుణాక్షర న్యాయంగా' అన్న పూర్తి రూపమే ఉంచాలంటారా?