మా వదినకు స్టేటస్‌లు తగ్గించమని ఎలా చెప్పాలి?

నల్గొండ_తమ్ముడు:
మా ఇంట్లో ఏం జరిగినా వదిన స్టేటస్‌లో ఉండాల్సిందే. పొద్దున పిల్లాడు బడికి పోతుంటే గేటు ముందు ఫోటో, మెడలో ఐడీ కార్డు, దాని మీద స్కూల్ పేరు, క్లాసు, వెనకాల గోడ మీద ఇంటి నంబరు. మొన్న శ్రీశైలం బయల్దేరితే కారు దేవరకొండ కూడా దాటలేదు, 'రెండు రోజులు ఫ్యామిలీతో' అని పెట్టేసింది. ఇంటికి తాళం వేశామని దండోరా వేసినట్టే కదా! కానీ అన్న మస్కట్‌లో ఉంటాడు, కొడుకును చూసుకునేది ఆ స్టేటస్‌లలోనే. అందుకే గట్టిగా అనలేకపోతున్నా.

పాలమూరు_అన్న:
ఆపమని మాత్రం అనకు తమ్ముడూ, లేనిపోని గొడవ. జర ఆమెతో కూర్చుని ఫోన్‌లో కాంటాక్ట్స్ చూడండి. వాట్సాప్‌లో ఒకరి నంబరు ఒకరి దగ్గర సేవ్ అయి ఉంటే చాలు, మామూలుగా స్టేటస్ కనిపిస్తుంది. గ్యాస్ బండ తెచ్చే అతను, ఎప్పుడో ప్లాటు చూపించిన బ్రోకరు, కూలర్ రిపేరు అతను, వీళ్లందరికీ మీ వాడు ఏ క్లాసో తెలుసన్నమాట. సెట్టింగ్స్‌లో ప్రైవసీ, అందులో స్టేటస్‌లోకి పోయి 'ఓన్లీ షేర్ విత్' పెట్టి మీ అన్నను, ఇంటివాళ్లను టిక్ చేస్తే సరి. ఆల్రెడీ పెట్టినవాటికి ఇది పనిచేయదు, అవి డిలీట్ చేయాలి, లేదంటే 24 గంటలు ఆగాలి. శ్రీశైలం ఫోటోలు తిరిగొచ్చాక పెడితే ఏం పోతుంది?

రిటైర్డ్_సారు:
ఫోన్ పక్కన పడేస్తే ఈ లొల్లే ఉండదు.

నారాయణపేట_చీరలు:
పక్కన పడేస్తే మాకు ఇల్లు గడవదు సార్. గళ్ల చీర మడత విప్పి అంచు, కొంగు దగ్గరగా ఫోటో తీసి స్టేటస్‌లో పెడితే పుణె నుంచి కూడా ఆర్డర్లు వస్తాయి, దుకాణానికి అడ్వాన్స్ కట్టే స్థోమత మాకెక్కడిది. కాకపోతే నంబరు అందరికీ తెలిసిపోయి అర్ధరాత్రి వీడియో కాల్స్ మొదలయ్యాయి. ఇప్పుడు వ్యాపారానికి వేరే సిమ్ తీసుకుని వాట్సాప్ బిజినెస్ పెట్టుకున్నా, రాత్రయితే ఆ ఫోన్ సైలెంట్. ఇంకో టెన్షన్ ఏంటంటే ఎవడో మా ఫోటోలే ఎత్తుకుపోయి దొంగ అకౌంట్ పెట్టి కస్టమర్ల దగ్గర అడ్వాన్స్‌లు గుంజాడు. అందులో మా చెల్లి చీర కట్టుకుని దిగిన ఫోటోలూ ఉన్నాయి, దానికి బాధ. అప్పటి నుంచి ముఖం రాకుండా మెడ కింది నుంచే తీస్తున్నాం. డబ్బు పోయినవాళ్లు మాత్రం ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, తెల్లారాక చూద్దాం అనుకుంటే డబ్బు చేతులు మారిపోతుంది.

నల్గొండ_తమ్ముడు:
థాంక్స్ అన్నా, అక్కా. వాట్సాప్ సంగతి అర్థమైంది, వదినకు ఇన్‌స్టా కూడా ఉంది, అదెలా మరి?

పాలమూరు_అన్న:
అకౌంట్ ప్రైవేట్ చేయండి. అయినా పాత ఫాలోవర్లు అలాగే ఉంటారు, తెలియని మొహాలను ఒక్కొక్కరిని రిమూవ్ కొట్టాలి. వాళ్లకు నోటిఫికేషన్ పోదు కాబట్టి మొహమాటం అక్కర్లేదు. ఐడీ కార్డు ఫోటోలు మాత్రం ఈ రాత్రికే తీసేయించు.