రింగ్ పరీక్షలో రెండు పూతలూ సమానంగా వచ్చాయి: మారవచ్చా?

ప్రశ్న (ఆటోనగర్, విజయవాడ)

నమస్కారమండీ. మా షెడ్డులో మెత్తటి కార్బన్ ఉక్కు ముక్కలకు జింకు ఫాస్ఫేటు, దానిపైన సోడియం స్టియరేటు సబ్బు పూత వేసి, వేడి చేయకుండానే గిన్నె ఆకారపు బుష్‌లుగా నొక్కుతాము. రెండు నెలలుగా నాలుగైదు వందల ముక్కలు దిగేసరికి పంచ్ (ముక్కలోకి దిగే కడ్డీ పనిముట్టు) ముక్కు చుట్టూ ఉక్కు అంటుకుపోయి, బుష్ లోపలి గోడ మీద గోరుకు తగిలేంత గీతలు పడుతున్నాయి. ఒక సరఫరాదారు ఫాస్ఫేటు అక్కరలేని పాలిమర్ పూత ఇచ్చారు. అరవై టన్నుల ప్రెస్సు మీద రెండు పూతలతో రింగ్ పరీక్ష (ఉక్కు రింగును నొక్కి, రంధ్రం మారే తీరును బట్టి ఘర్షణను అంచనా వేసేది) చేస్తే, లోపలి వ్యాసంలో తేడా దాదాపు కనిపించలేదు. దీనిని నమ్మి మారవచ్చా?

జవాబు 1 (గుంటూరు)

ఆ ఒక్క పరీక్షను నమ్మి మారవద్దండీ. బయటి వ్యాసం, లోపలి వ్యాసం, ఎత్తు 6:3:2 నిష్పత్తిలో, అంటే 18, 9, 6 మిల్లీమీటర్ల రింగును నొక్కినప్పుడు, ఘర్షణ తక్కువైతే లోహమంతా బయటికి పారి రంధ్రం పెద్దదవుతుంది, ఎక్కువైతే కొంత లోహం లోపలికి తిరిగి రంధ్రం మూసుకుపోతుంది. కునోగి అనే పరిశోధకుడు 1956లో చూపిన ఈ పద్ధతికి మేల్, కాక్‌క్రాఫ్ట్ అనే మరో ఇద్దరు 1964లో క్రమాంకన రేఖలు (రంధ్రం మార్పును బట్టి ఘర్షణను చెప్పేవి) గీశారు. అలాంటి రేఖల నుంచి ఘర్షణ కారకం ‘ఎమ్’ చదువుకుంటాము: ఘర్షణే లేకపోతే 0, పూర్తిగా అతుక్కుపోతే 1. లోడు కొలవనక్కరలేదు, లోహం బలం కచ్చితంగా తెలియనక్కరలేదు. అందుకే నాకు ఈ పరీక్షంటే ఎంతో గౌరవం.

అయితే రింగులో కొత్తగా పుట్టే ఉపరితలం కొద్దిపాటిదే. మీ బుష్‌లో మాత్రం పంచ్ ముక్కు కింద ఉన్న చిన్న వృత్తమే సాగి సాగి లోపలి గోడంతా అవుతుంది, పూత కూడా దానితోపాటు సాగాలి. రింగు కింద నిలిచిన పూత అక్కడ చిరిగిపోవచ్చు. మీ పనికి రెండు గిన్నెల పరీక్ష సరిపోతుంది: కింది పంచ్, డై (ముక్కను చుట్టి పట్టే అచ్చు) కదలకుండా ఉంచి, పై పంచ్‌ను దించితే ఒకే ముక్కలో పైనా కిందా గిన్నెలు ఏర్పడతాయి. ఘర్షణ లేకపోతే రెండింటి ఎత్తూ ఒకటే. ఘర్షణ పెరిగేకొద్దీ పై గిన్నె ఎత్తు కింది దానిని మించిపోతుంది. ఎత్తుల నిష్పత్తితో పాటు లోపలి గోడను భూతద్దంతో చూడండి, ఎందుకంటే గీత మొదలైన చోటే పూత అయిపోయిన చోటు.

జవాబు 2 (విజయవాడ)

పూత మార్చే ముందు ఇప్పటి పూత వేసే తొట్లు చూడండి. సబ్బు వట్టిగా అంటుకోవడం కాదు, ఫాస్ఫేటుతో చర్య జరిపి జింకు స్టియరేటుగా మారాలి. సబ్బు తొట్టి చల్లబడినా, ఫాస్ఫేటింగ్ నుంచి ఆమ్లం దానిలోకి చేరినా ఆ చర్య సరిగా జరగదు. ఫాస్ఫేటు బరువును చదరపు మీటరుకు గ్రాములలో కొలిపించండి. ఆ కొలతకు ఫాస్ఫేటును కరిగించే క్రోమిక్ ఆమ్లం క్యాన్సర్ కారకం కాబట్టి షెడ్డులో చేయకుండా ల్యాబుకే పంపండి.

ప్రశ్నకర్త

ఇద్దరికీ కృతజ్ఞతలండీ. గీతలు మొదలైన రెండు నెలల క్రితమే ఫాస్ఫేటింగ్ తరువాతి కడుగుడు తొట్టికి నీటి ధార తగ్గించాము. ముందు దానిని సరిచేసి, ఆపైన రెండు పూతలతో చెరి పది ముక్కలు రెండు గిన్నెల డైలో నొక్కి, ఎత్తులు ఇక్కడే రాస్తాను.