హైవే మీద ఆగి సాయం చేసినోళ్లు ఎవరన్నా ఉంటే మీ అనుభవాలు చెప్పండి

నకిరేకల్ తమ్ముడు:
అందరికీ నమస్తే. మాది నకిరేకల్ పక్కన చిన్న ఊరు, హైదరాబాద్ విజయవాడ హైవే మా చేన్ల పక్కనుంచే పోతది. పోయిన నెల ఒకరోజు రాత్రి పదకొండు దాటినంక నేను, మా బావ నార్కట్‌పల్లి నుంచి బండి మీద వస్తున్నం. ముందు మాకు కారు కనపడలే, హారన్ వినపడ్డది. కారు డివైడర్ ఎక్కి ఆగింది, గుద్దిన దెబ్బకి హారన్ ఇరుక్కుపోయి ఆగకుండ మోగుతనే ఉంది. నేను 108కి ఫోన్ చేస్తే అవతల అక్క ఏమడుగుతుందో వినపడట్లే, స్టీరింగ్ దగ్గర ఉన్నాయన ఏమంటుండో అది కూడ వినపడట్లే, చెవులు పగిలిపోతున్నయి, ఏం చేయాలో సమజ్ అయితలేదు. అప్పుడే ఒక లారీ డ్రైవర్ అన్న పక్కకి ఆపి వచ్చి, బానెట్ లేపి, పది నంబర్ పానాతోని బ్యాటరీ నెగటివ్ వైరు పీకిండు. హారన్ ఆగింది. ఆగినంక తెలిసింది వెనక సీటు కింద ఒక పాప కూడ ఉందని. సన్నగ ఏడుస్తుంది. అప్పటిదాక మాకెవ్వరికీ తెల్వదు.

ఇద్దరూ బతికిండ్రు. పాపకి చెయ్యి విరిగింది, ఇంకేం కాలే. ఆ రాత్రి నుంచి నాకు ఒకటే ఆలోచన, ఆ అన్న దగ్గర పానా లేకపోతే మేం పాపని చూసేటోళ్లమా అని. ఇప్పుడు మా ఊర్ల ఆరుగురం కలిసినం, మా దిక్కు ఏడెనిమిది కిలోమీటర్లన్నా చూసుకుందాం అనుకుంటున్నం, బండ్లు ఆగిపోయినోళ్లకి, యాక్సిడెంట్ అయినోళ్లకి. ఏం కొని పెట్టుకోవాలె, ముందు ఏం చేయాలె, ఏం చేయొద్దు, తెలిసినోళ్లు చెప్పండి.

పద్నాలుగు టైర్లు:
తమ్ముడూ మంచి పని. నేను 22 ఏళ్లుగా లారీ తోలుతున్నాను, విశాఖ నుంచి చెన్నై, హైదరాబాద్, నాగపూర్ అన్ని రోడ్లూ తిరిగాను. నా మాట ఒక్కటి గుర్తుపెట్టుకో, దిగగానే దెబ్బలు తగిలినోళ్ల దగ్గరకి పరిగెత్తొద్దు. ముందు వెనక్కి చూడు. నేను చూసిన వాటిల్లో సాయం చెయ్యటానికి దిగినోళ్లని వెనకొచ్చే బండి గుద్దేసినవే చాలా ఉన్నాయి, చెప్పాలంటే నోరు రావట్లేదు. తునికి ఇవతల ఒకసారి పంక్చరైన వ్యాన్‌కి జాకీ పెడుతున్న ఇద్దరిని వెనకొచ్చిన బండి నా కళ్ల ముందే కొట్టుకుపోయింది.

గంటకి 80 మీద వచ్చే బండి సెకనుకి 22 మీటర్లు వచ్చేస్తుంది. డ్రైవర్ చూసి కాలు బ్రేకు మీద పెట్టేలోపే 30, 40 మీటర్లు అయిపోతాయి, లోడు మీదున్న లారీ ఆగటానికి ఆ పైన ఇంకా చాలా కావాలి. కాబట్టి హెచ్చరికకి పెట్టే ఎర్ర ట్రయాంగిల్ బండి వెనక అయిదడుగుల్లో పెడితే దేనికీ పనికిరాదు. నాలుగు లైన్ల రోడ్డు మీద కనీసం 100 పెద్ద అంగలు వెనక్కి నడిచి పెట్టు, నడిచేటప్పుడు రోడ్డు మీద కాదు, రెయిలింగ్ అవతల నడు. మలుపు ఉంటే మలుపుకి ముందు, ఫ్లైఓవర్ దిగేచోట అయితే ఎక్కకముందే. టార్చి పట్టుకున్నవాడు ఆగిన బండి వెనక నిలబడకూడదు, పక్కకి మట్టిలో నిలబడి లైటు కిందికీ పైకీ ఊపాలి.

ఇంకోటి. ట్రయాంగిల్ లేనోళ్లు వేపకొమ్మో తుమ్మకొమ్మో విరిచి పెడతారు, రాళ్లు పేరుస్తారు. పెట్టటం తప్పు కాదు. పని అయిపోయాక తీసెయ్యకుండా పోతారు చూడు, అది తప్పు. ఆ రాళ్లకి తెల్లారుజామున పాలవాడి బండి తగులుకుంటుంది. మీ ఆరుగురిలో ఒకడికి అదే పని అప్పజెప్పు, బండి వెళ్లిపోయాక రోడ్డంతా చూసి రాళ్లు, గాజు పెంకులు ఊడ్చి పక్కకి నెట్టాలి. చీపురు కూడా కొనుక్కోండి. డీజిల్ కారితే ఇసకో మట్టో చల్లండి, లేకపోతే వెనకొచ్చే టూవీలర్లు వరసపెట్టి పడతారు.

క్యాజువాలిటీ సిస్టర్:
సూర్యాపేటలో ఒక హాస్పిటల్ క్యాజువాలిటీలో 11 ఏళ్లుగా చేస్తున్నాను. హైవే కేసులు రోజూ చూస్తాం. తమ్ముడూ, దెబ్బల కంటే వాళ్లని తెచ్చిన తీరు వల్ల ఎక్కువ నష్టం జరిగిన కేసులు వస్తాయి మాకు, అందుకే ఇది కొంచెం పొడుగ్గా రాస్తున్నా ఓపిగ్గా చదవండి.

కాళ్లూ చేతులూ పట్టుకుని ఎత్తి ఆటోలో పడేయొద్దు. మెడ, వెన్నెముక విరిగి ఉండొచ్చు, అలా ఎత్తితే అప్పటిదాకా కదులుతున్న కాళ్లు ఇంక కదలకుండా పోతాయి. మంట అంటుకుంటేనో, బండి పల్లంలోకి జారిపోతుంటేనో తప్ప అక్కడి నుంచి కదపకండి. తప్పదు అంటే నలుగురు కావాలి, ఒకళ్లు తలా మెడా కదలకుండా పట్టుకుని వాళ్లే ఒకటి రెండు మూడు చెప్పాలి, మిగతా ముగ్గురు ఆ లెక్కకి అందరూ ఒకేసారి మనిషిని కట్టెలాగా తిప్పి పలక మీదకి జరపాలి. లారీ డోరు, మంచం, బల్ల ఏదైనా పర్లేదు.

హెల్మెట్ తీయొద్దు. ఊపిరి ఆడుతోంది, మాట్లాడుతున్నాడు అంటే అలాగే ఉంచి అద్దం మాత్రం పైకి లేపండి. ఊపిరి ఆడకపోతేనే తీయాలి, అదీ ఇద్దరు కలిసి, ఒకళ్లు మెడ పట్టుకుంటే ఇంకొకళ్లు నెమ్మదిగా లాగాలి.

నీళ్లు తాగించొద్దు. ఇది చెప్తే మన వాళ్లకి కోపం వస్తుంది, దాహం దాహం అంటుంటే ఇవ్వకపోతే పాపం అంటారు. నిజంగానే దాహం వేస్తుంది, రక్తం పోతే అలాగే ఉంటుంది. కానీ స్పృహ సరిగ్గా లేని మనిషికి ఆ నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి, ఆపరేషన్ అవసరమైతే ఇంకా ఇబ్బంది. పెదాలు తడి గుడ్డతో తుడవండి చాలు.

రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డ, కండువా, చున్నీ ఏదైనా మడత పెట్టి గట్టిగా నొక్కి పట్టుకోండి, ఆగిందా లేదా అని తీసి తీసి చూడొద్దు, పది నిమిషాలు అలాగే. గుడ్డ తడిసిపోతే దాని మీదే ఇంకోటి పెట్టండి. పసుపు, కాఫీ పొడి ఏం వద్దు. ఊపిరి లేదు, పిలిస్తే పలకడం లేదు అంటే ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, రెండంగుళాలు దిగేలా నొక్కాలి. ఇది చదివితే రాదు, బొమ్మ మీద చేసి నేర్చుకోవాలి.

ఇంకా ఒకటి, నువ్వు చెప్పిన పాప లాగే. బండి లోపల ఎంతమంది ఉన్నారు అని స్పృహలో ఉన్న వాళ్లని తప్పకుండా అడగండి. చుట్టూ చేన్లలో, కాలవలో కూడా లైటు వేసి వెతకండి. ఎగిరి దూరంగా పడినవాళ్లని తెల్లారాక చూసిన సంఘటనలు ఉన్నాయి. అరుస్తున్నవాళ్ల చుట్టూ అందరూ చేరతారు, అరవలేనివాళ్ల సంగతి ఎవరూ చూడరు.

దేవరకొండ_89:
మా నాన్న వద్దంటున్నడు ఇసొంటియి, పోలీస్ కేసుల సాక్షి అని కోర్టుల చుట్టూ తిప్పుతరు అని. నిజమేనా?

ఒంగోలు వకీలు:
మీ నాన్నగారి భయం ఉత్తిది కాదండీ, ఒకప్పుడు అలాగే ఉండేది. నేను చదువుకునే రోజుల్లో ఒకాయన్ని హాస్పిటల్‌కి తీసుకెళ్తే నన్ను స్టేషన్లో రెండు గంటలు కూర్చోబెట్టారు, నేనే గుద్దానేమో అన్నట్టు మాట్లాడారు. ఆ రోజు ఇంటికొచ్చి ఇంకెప్పుడూ ఆగకూడదు అనుకున్నాను, ఆ మాట తల్చుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

కానీ ఇప్పుడు చట్టం మారింది. 2016 మార్చిలో సుప్రీంకోర్టు సాయం చేసినవాళ్లని కాపాడే మార్గదర్శకాలకి ఆమోదం ఇచ్చింది, 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఎ అని సెక్షనే చేర్చారు, 2020లో రూల్స్ వచ్చాయి. మంచి మనసుతో సాయం చేసినవాళ్ల మీద, ఆ మనిషికి ఏమైనా అయినా సరే, సివిల్ కేసు గానీ క్రిమినల్ కేసు గానీ ఉండదు. పేరు, అడ్రసు, ఫోన్ నంబరు చెప్పమని బలవంతం చెయ్యకూడదు. హాస్పిటల్లో దింపి వెళ్లిపోవచ్చు. సాక్షిగా ఉంటాను అని మీ అంతట మీరు ఒప్పుకుంటేనే అడుగుతారు. హాస్పిటల్ వాళ్లు మిమ్మల్ని డబ్బు కట్టమని అడగకూడదు, ఎమర్జెన్సీలో పోలీసుల కాగితం వచ్చేదాకా ఆగకుండా వైద్యం చెయ్యాలని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది.

2025 మే నుంచి ఇంకో స్కీమ్ కూడా వచ్చింది, రోడ్డు యాక్సిడెంట్ అయినవాళ్లకి స్కీమ్‌లో ఉన్న హాస్పిటల్లో 7 రోజుల వరకు లక్షన్నర దాకా నగదు లేకుండా వైద్యం. కౌంటర్ దగ్గర బేరం ఆడుతుంటే ఈ మాట గట్టిగా అడగండి. గోల్డెన్ అవర్‌లో, అంటే మొదటి గంటలో, హాస్పిటల్‌కి చేర్చినవాళ్లకి కేంద్రం బహుమతి కూడా ఇస్తుంది, 2021లో 5 వేలతో మొదలుపెట్టారు, ఇప్పుడు 25 వేలు. నేను ఆ 134ఎ తెలుగులో ఒక పేజీ టైపు చేయించి లామినేషన్ కొట్టించి నా కారులో పెట్టుకున్నాను. మీ ఆరుగురూ జేబులో ఒకటి పెట్టుకోండి, వాదించకుండా మెల్లగా చూపించండి, చాలాసార్లు అదే సరిపోతుంది.

గుత్తి రోడ్డు:
నేను అవతల పక్క నుంచి రాస్తాండాను, అంటే సాయం తీసుకున్న మనిషిని. పోయిన ఎండాకాలం మా అమ్మని తీసుకుని కర్నూలు నుంచి అనంతపురం కార్లో వస్తాంటే గుత్తి దాటినాక టెంపరేచర్ ముల్లు పైకి పోయింది, బానెట్ కింద నుంచి పొగ. రాత్రి తొమ్మిదిన్నర, నేనూ మా అమ్మే. అయిదు నిమిషాలకే బైకు మీద ఇద్దరు మగపిల్లోళ్లు వచ్చి ఆగినారు. నిజం చెప్తే నాకు చేతులు వణికినాయి.

ఆ పిల్లోళ్లు మా అద్దం దగ్గరకి రాలేదు. ఇరవై అడుగుల దూరంలో నా హెడ్‌లైట్ వెలుగులో నిలబడి, చేతులు కనపడేట్టు పెట్టుకుని, "అక్కా మీరు దిగొద్దు, అద్దం దించొద్దు, 1033కి ఫోన్ చేసినారా?" అని గట్టిగా అడిగినారు. లేదు అంటే, "అది హైవే వాళ్ల నంబర్, టోల్ చీటీ మీద కూడా ఉంటాది, మీరే చేయండి, కిలోమీటరు రాయి మీద నంబర్ మేం చూసి చెప్తాం" అని ఒకడు నడిచి పోయి చదివి వచ్చినాడు. పెట్రోలింగ్ బండి వచ్చేదాకా ఇద్దరూ మా వెనక రోడ్డు పక్కన టార్చి పట్టుకుని నిలబడినారు. రేడియేటర్ మూత తెరుస్తామని దిగబోతే "అమ్మా వద్దు, వేడినీళ్లు మొకం మీదకి ఎగజిమ్ముతాయి" అని మా అమ్మని ఆపినారు. పోతాంటే మా అమ్మ డబ్బు ఇయ్యబోయింది, తీసుకోలేదు.

ఆగిపోయిన బండిలో ఆడవాళ్లు, ముసలివాళ్లు ఉంటే మీరు ఎంత మంచోళ్లో వాళ్లకి తెలియదు కదా. దూరంగా నిలబడండి, వాళ్ల చేతనే ఫోన్ చేయించండి, మెరిసే జాకెట్ ఏసుకోండి.

జడ్చర్ల టైర్ షాప్:
మా షాపు హైవే మీదనే. నా లిస్టు రాసుకో తమ్మీ. పది, పన్నెండు, పదమూడు నంబర్ పానాలు, గడ్డపార, సీటు బెల్టు కోయటానికి మంచి బ్లేడు కత్తి, తాడు, రబ్బరు గ్లౌజులు, రెండు పెద్ద టార్చిలు, నాలుగు ట్రయాంగిల్స్, రేడియం జాకెట్లు. గడ్డపార ఉందని ఇరుక్కున్న డ్రైవర్‌ని బలంగా గుంజొద్దు, క్యాబిన్ నలిగి డ్రైవర్ మీదికొస్తే లోపల కాళ్లు ఎట్ల ఉన్నయో మనకి కనపడది. బెల్టు కోసి, ఊపిరి ఆడేటట్టు సీటు వెనక్కి జరిపి, క్రేన్ వచ్చేదాక మాట్లాడిస్తనే ఉండాలె.

ట్యాంకర్ పడితే మాత్రం దగ్గరికి పోవద్దు. మా దిక్కు పాలెం దగ్గర 2013 అక్టోబర్ 30 తెల్లారుజామున బస్సు కల్వర్టుకి కొట్టి కాలిపోయి 45 మంది పోయిండ్రు, మంట ఎంత జల్ది అంటుకుంటదో అప్పటి నుంచి ఇక్కడ ఎవ్వరికీ చెప్పాల్సిన పని లేదు. ట్యాంకర్ వెనక నారింజ రంగు పలక మీద నాలుగంకెల నంబర్ ఉంటది, 1203 అంటే పెట్రోలు, 1075 అంటే గ్యాసు. దూరం నుంచే చదివి 101కో 112కో చెప్పండి. గాలి మీ వీపు దిక్కు ఉండాలె. సిగరెట్లు, ఇంజన్లు బంద్. బకెట్లు పట్టుకొని పెట్రోలు పట్టుకుందామని జనం వస్తరు, వాళ్లని ఆపుడే అసలు సాయం.

నకిరేకల్ తమ్ముడు:
అందరికీ చేతులెత్తి దండం. డ్రైవర్ అన్నా, వంద అంగలు మొన్న రాత్రి నడిచి చూసినం, ఎంత దూరమో నడిస్తేనే తెలిసింది, మేం ఇన్నాళ్లు అనుకున్నది అందుల పావు వంతు లేదు. వకీల్ సర్, మీ కాగితం లెక్కనే మేం కూడ ఆరు కొట్టించినం, దేవరకొండ అన్నా, మీ నాన్నకి కూడ ఒకటి ఇస్తం. దెబ్బలు తగిలినోళ్ల ఫోన్లు, గొలుసులు, పర్సులు ఒక సంచిల ఏసి 108 వాళ్లకి లెక్క చెప్పి ఇచ్చుడు మా బావ చూసుకుంటడు.

ముందు మొదలుపెట్టిన పని ఇది కాదు మల్ల. మా ఊర్ల ట్రాక్టర్ ట్రాలీలకి వెనక లైట్లు ఉండయి, పత్తి నింపితే వెడల్పు ఇంకా పెరుగుతది, రాత్రి హైవే ఎక్కితే వెనకోళ్లకి కనపడదు. నిన్న ఒక్కపూటల 14 ట్రాలీలకి రేడియం స్టిక్కర్లు అంటించినం. సర్వీస్ రోడ్డు మీద వడ్లు ఆరబోసి చుట్టూ రాళ్లు పెట్టినోళ్లతోని కూడ మాట్లాడినం, ఇద్దరు తీసేసిండ్రు, ఒకాయన కోప్పడ్డడు, మల్ల పోతం.

సిస్టరక్కా, ఛాతీ నొక్కుడు, హెల్మెట్ తీసుడు చదివితే రాదు అన్నవ్ కదా. మా ఊరి స్కూల్ల నేర్పిస్తవా? రావుడు పోవుడు మేం చూసుకుంటం.

క్యాజువాలిటీ సిస్టర్:
వస్తాను తమ్ముడూ. ఈ ఆదివారం నైట్ డ్యూటీ ఉంది, ఆ పై ఆదివారం ఖాళీ. ఆరుగురే కాదు, మీ పక్కన ధాబా వాళ్లని, పంక్చర్ షాపు వాళ్లని కూడా పిలవండి, రాత్రిళ్లు మేలుకుని ఉండేది వాళ్లే. పాత హెల్మెట్ ఒకటి, దుప్పటి ఒకటి, ఒక నులక మంచం రెడీగా పెట్టండి. బొమ్మ నేను తెస్తా.