తైక్వాండో: ఈ పేరు వయసెంత?

ప్రశ్న: పత్రికల్లో తైక్వాండో, టైక్వాండో, టేక్వాండో అని రకరకాలుగా రాస్తున్నారు. ఏది సరి? రెండు వేల ఏళ్ల నాటి కొరియా విద్య అంటారు కదా, పేరు కూడా అంత పాతదేనా?

జవాబు: పేరు అంత పాతది కాదండీ. 1955లో పెట్టారు. పెట్టింది దక్షిణ కొరియా సైన్యాధికారి చోయ్ హోంగ్ హీ. చైనా లిపిలో రాస్తే మూడు అక్షరాలు. మొదటిది కాలితో తొక్కడం, తన్నడం, రెండోది పిడికిలి, మూడోది మార్గం. రాతలోనే ఆ సంగతి కనిపిస్తుంది: మొదటి అక్షరంలో ఎడమ పక్క ఉన్నది పాదాన్ని తెలిపే గుర్తు, రెండోదాని అడుగున ఉన్నది చేతిని తెలిపే గుర్తు.

కొత్త పేరు ఎందుకు కావలసి వచ్చిందన్నదే అసలు విషయం. 1910 నుంచి 1945 దాకా కొరియా జపాన్ ఏలుబడిలో ఉంది. ఆ రోజుల్లో జపాన్‌లో కరాటే నేర్చుకున్న కొరియన్లు తిరిగి వచ్చి సియోల్‌లో శిక్షణశాలలు తెరిచారు. 1944లో చుంగ్ దో క్వాన్ అనే శిక్షణశాలను స్థాపించిన లీ వొన్ గుక్ షోటోకాన్ శైలి కరాటే నేర్చినవాడు. చోయ్ కూడా జపాన్‌లోనే కరాటే నేర్చుకున్నాడు. అప్పట్లో ఈ విద్యను కొరియాలో ‘తంగ్ సు దో’, ‘గొంగ్ సు దో’ అనేవారు. కరాటేను జపాన్‌లో రాసే అక్షరాలనే కొరియా పద్ధతిలో చదివితే వచ్చిన పేర్లివి! స్వాతంత్ర్యం వచ్చాక ఆ పేర్లు మింగుడుపడలేదు. కాలితో ఆడే తెక్యోన్ అనే పాత జానపద క్రీడ కొరియాలో ఉంది. ‘తె’ అనే మొదటి అక్షరం ఆ క్రీడ పేరును గుర్తుకు తెచ్చేలా ఎంచుకున్నదే.

పేరు వెంటనే నిలదొక్కుకోలేదు. 1961లో ‘తెసుదో’ అని మార్చారు, 1965లో మళ్లీ పాతదే ఖాయమైంది.

గొగుర్యో అనే ప్రాచీన కొరియా రాజ్యం నాటి సమాధుల గోడల మీద తలపడుతున్న ఇద్దరు మల్లుల బొమ్మలు ఉన్నాయి, నిజమే. కాని ఆ బొమ్మల నుంచి నేటి తైక్వాండో దాకా తెగని గురుపరంపర ఉందని చెప్పడానికి ఆధారం లేదు. మన భాషలో వచ్చే వ్యాసాలు ‘రెండు వేల ఏళ్లు’ అని అచ్చువేయడం మానాలని నా గట్టి కోరిక. ఎత్తుకు లేచి గిర్రున తిరిగి కొట్టే తన్నులను, ఆటగా దాన్ని తీర్చిన తీరును కొరియన్లు ఈ పేరు పుట్టాక కొద్ది దశాబ్దాల్లోనే సాధించారు. ఆ ఘనత వారికి దక్కాలి.

మరో పాఠకురాలి ప్రశ్న: కర్రసాము, కత్తిసాములాగా ‘కాలిసాము’ అనవచ్చునా?

జవాబు: వివరించేటప్పుడు చక్కగా ఉంటుందమ్మా, పేరుగా మాత్రం వద్దు. పిడికిలి, మార్గం రెండూ జారిపోతాయి. పైగా ఈ విద్య ఏ దేశం వెళ్లినా కొరియా మాటలను వెంట తీసుకెళ్లింది. ఒలింపిక్స్‌లో కూడా రిఫరీ ‘చర్యొత్’ అంటే నిటారుగా నిలబడతారు, ‘క్యొంగ్నే’ అంటే వంగి నమస్కరిస్తారు, ‘షిజాక్’ అంటే పోరు మొదలు, ‘కల్యొ’ అంటే విడిపోవాలి.

వ్యాప్తి కథ కూడా ఆసక్తికరమే. 1960లలో కొరియా సైనిక శిక్షకులు దక్షిణ వియత్నాం వెళ్లి నేర్పారు. చోయ్ 1966లో సియోల్‌లో అంతర్జాతీయ సమాఖ్య పెట్టి, 1972లో కెనడా వెళ్లిపోయాడు. 1973లో సియోల్‌లో మరో ప్రపంచ సమాఖ్య వచ్చింది. అందుకే ఇప్పటికీ రెండు పాయలున్నాయి. ఒలింపిక్స్‌లో కనిపించేది రెండోది: 1988 సియోల్‌లో ప్రదర్శన క్రీడగా మొదలై, 2000 సిడ్నీలో పతక క్రీడ అయింది. వియత్నాంకు తొలి ఒలింపిక్ పతకం ఆ సిడ్నీలో తైక్వాండోలోనే వచ్చింది. అఫ్ఘానిస్తాన్‌కు తొలి పతకం 2008లో, జోర్డాన్‌కు 2016లో, అవీ ఇందులోనే.

ఇక వర్ణక్రమం. కొరియన్ ఉచ్చారణలో మొదటి అక్షరం ‘థె’కు దగ్గర, ‘ఐ’ ధ్వని అసలు లేదు. ఇంగ్లీషు అక్షరాలను చదవడం వల్ల వచ్చింది. అయినా ‘తైక్వాండో’ తెలుగులో స్థిరపడింది, నేను అదే రాస్తాను. ‘ట’ను మాత్రం వదిలేయవచ్చు.