లక్షల వాచీ పెట్టుకుని షటిల్ ఆడొచ్చా, తీసి పక్కన పెట్టాలా?

చెరువుగట్టు:
అందరికీ నమస్కారమండి. మాది భీమవరం. రొయ్యల చెరువులు చేస్తాను, సాయంత్రాలు ఇండోర్‌లో షటిల్ ఆడతాను. పోయిన పంటకి నాలుగు లక్షలు పెట్టి బ్యాటరీ లేకుండా చేయి కదలికకే నడిచే స్విస్ ఆటోమేటిక్ వాచీ ఒకటి కొన్నాను. ఆడేది కుడిచేత్తో, వాచీ ఎడమచేతికి. తీసి బెంచీ మీద పెడితే ఎవరు పట్టుకుపోతారో అని టెన్షన్. పెట్టుకుంటే పాడైపోద్దని ఇంట్లో గోల. ఈమధ్య చిన్న దెబ్బ కూడా తగిలింది, అప్పట్నించీ రోజుకి రెండు నిమిషాలు ముందుకి పోతోంది. నేననేదేంటంటే, టెన్నిస్‌లో నాదల్ 2010 నుంచీ గ్రాండ్‌స్లాములు మెకానికల్ వాచీతోనే ఆడాడు. 2025 ఛాంపియన్స్ ట్రోఫీలో పాకిస్తాన్ మీద హార్దిక్ పాండ్యా బౌలింగ్ కూడా వాచీతోనే వేశాడు. వాళ్ళకి లేని భయం మనకెందుకు?

కోనసీమ_స్మాష్:
మా అమలాపురం సాత్విక్ స్మాష్ గంటకి 565 కిలోమీటర్లు, గిన్నిస్ రికార్డు. ఆయన చేతికి గోడ గడియారం కట్టినా ఆడేస్తాడండీ. మీరు కూడా అంత ఆడతారా మరి?

పూతరేకు:
కొన్ని వేలు పెడితే కాసియో జి-షాక్ వాచీ వస్తుంది. గొడవే ఉండదు.

తణుకు_వాచీవాలా:
చెరువుగట్టు గారూ, నాన్నగారి నాటినుంచి మాది వాచీ రిపేరు కొట్టు. నాదల్ మాట తెచ్చారు కాబట్టి అదే చెబుతాను. ఆయన పెట్టుకున్నది షాపులో దొరికే రకం కాదు. 2010లో రిచర్డ్ మిల్ వాళ్ళు ఆయన ఆట కోసమే చేసిన వాచీ అది, పట్టీతో కలిపి 20 గ్రాముల లోపు. 2020లో వచ్చిన ఆర్‌ఎం 27-04లో అయితే మెషీన్ని టెన్నిస్ రాకెట్ జాలీలా అల్లిన సన్నటి స్టీలు తీగ మీద వేలాడదీశారు. 12,000 జీ, అంటే భూమి ఆకర్షణకి అన్ని వేల రెట్ల దెబ్బకి తట్టుకుంటుందని కంపెనీ మాట. పాండ్యా చేతికున్నదీ ఆ కంపెనీదే. మీ వాచీ బరువెంత?

మామూలు ఆటోమేటిక్‌లో టైము నిలిపే చక్రం, బాలెన్స్ వీల్, సెకనుకి 8 సార్లు కొట్టుకుంటుంది, గంటకి 28,800. ఆ చక్రం నిలబడే ఇరుసు మొన వెంట్రుకంత సన్నం. దాన్ని కాపాడటానికి ఆ మొన ఆనే చిన్న రాయి కింద స్ప్రింగు ఉంటుంది. ఇన్‌కాబ్లాక్ అని 1930లలో వచ్చింది, ఇప్పుడు అన్నిట్లోనూ అలాంటిదేదో ఒకటి ఉంటుంది. షాక్‌ప్రూఫ్ అని వేయాలంటే చేసే పరీక్ష మీటరు ఎత్తునుంచి చెక్కమీద పడేసినంత దెబ్బ. ఒకసారి పడటం వేరు, గంటసేపు చేయి విదిలించడం వేరు.

దెబ్బకంటే చెమట పాడు మన దగ్గర. పోయిన నెల ఒక గిరాకీ వాచీ బ్రేస్‌లెట్ విప్పితే లింకుల మధ్య ఆకుపచ్చ జిడ్డు, పట్టీని పట్టుకునే పిన్ను సగం తినేసి ఉంది. వేలితో నొక్కితే విరిగింది. ఉప్పుగాలి, చెమట, దానికితోడు మీకు చెరువు నీళ్ళు.

చెరువుగట్టు:
నాదల్ కూడా ఆడే చేతికి పెట్టుకోలేదు కదండీ. ఆయన ఎడమచేతి వాటం, వాచీ కుడిచేతికి. నేనూ అంతే, తిరగేసి. దెబ్బ తగిలే చెయ్యి కాదు.

తణుకు_వాచీవాలా:
నాదల్ బ్యాక్‌హ్యాండ్ రెండు చేతులతో ఆడతాడు. అంటే వాచీ చెయ్యి కూడా రాకెట్ మీదే ఉంటుంది. మీరు షటిల్‌లో రెండు చేతులు వాడతారా?

చెరువుగట్టు:
వాడను. అందుకే నాకు ఇంకా సేఫ్ అంటున్నాను.

తణుకు_వాచీవాలా:
మరి దెబ్బ ఎలా తగిలింది?

పీఈటీ_మాస్టారు:
రిటైర్డ్ పీఈటీని. వాచీకి ఏమవుతుందో అందరూ మాట్లాడుతున్నారు, పక్కవాడి కనుబొమ్మకి ఏమవుతుందో ఎవరూ అడగరు. ఫుట్‌బాల్‌లో నగలేవీ పెట్టుకోకూడదు, టేపు చుట్టి దాచినా ఒప్పుకోరు. వాలీబాల్‌లో గాయం చేసే వస్తువేదీ ఒంటి మీద ఉండకూడదు. సంక్రాంతి టోర్నమెంటుల్లో నేను రిఫరీగా ఉన్నన్నాళ్ళూ ఉంగరాలు, కడియాలు, వాచీలు నా రుమాల్లో మూటగట్టాకే విజిల్ వేసేవాణ్ణి. సింగిల్స్ అయితే నెట్ అవతలోడికి మీ చెయ్యి అందదు. డబుల్సులో మీ పక్కనే ఒకడుంటాడు.

గోదారి_గట్టు:
మాస్టారూ, మీ రుమాల్లోంచి మా బావ ఉంగరం ఇంకా రాలేదండి 😀

పీఈటీ_మాస్టారు:
వెటకారాలు వద్దు.

చెరువుగట్టు:
మాస్టారూ, ఆటకీ వాచీకీ పడదంటే ఎలాగండి? జేగర్-లెకుల్ట్ర్ కంపెనీ రివర్సో వాచీ ఎలా పుట్టింది? మన దేశంలో పోలో ఆడే బ్రిటిష్ ఆఫీసర్ల వాచీ అద్దాలు పగులుతున్నాయంటే 1931లో తిప్పి మూసే వాచీ చేశారు. నీళ్ళు దూరని రోలెక్స్ ఆయిస్టర్ పేరు తెచ్చుకున్నది 1927లో ఇంగ్లిష్ ఛానెల్ ఈదిన మెర్సిడిస్ గ్లైట్జ్ అనే ఆవిడ వల్ల.

తణుకు_వాచీవాలా:
రివర్సో అద్దం లోపలికి తిప్పుకుని ఆడటానికి చేసింది, అంటే ఆటలో వాచీకి దెబ్బ ఖాయమని వాళ్ళే ఒప్పుకున్నట్టు. ఇక గ్లైట్జ్ గారు వాచీ వేసుకున్నది ఛానెల్ ఈదేశాక మళ్ళీ దిగిన ఈతలో, అదీ మెడలో, మణికట్టుకి కాదు. చలికి తట్టుకోలేక ఆ రోజు ఈత మధ్యలోనే ఆపేశారు. వాచీ మాత్రం ఆగలేదు, అది నిజమే. రోలెక్స్ అంటే ఫెదరర్ సంగతీ చూడండి. ఆటంతా ఖాళీ చేత్తో ఆడి, కప్పు అందుకునేటప్పుడు పెట్టుకునేవాడు. నేనడిగింది ఇంకా చెప్పలేదు. దెబ్బ ఎలా తగిలింది?

పూతరేకు:
జి-షాక్. 1983 నుంచీ ఉంది. పది మీటర్ల నుంచి పడ్డా పగలకూడదని కూర్చుని చేశాడు కాసియో ఇంజనీరు.

చెరువుగట్టు:
జి-షాక్ సంగతి నాకు తెలుసండి. నేను కష్టపడి సంపాదించి కొనుక్కున్నది లాకరులో పెట్టుకోడానికి కాదు.

లేసు_అల్లిక:
దెబ్బ ఎలా తగిలిందో నేను చెప్తాను. మా అబ్బాయి రాకెట్ తగిలింది. ఎనిమిదో తరగతి. ఆ రోజు నాలుగో మనిషి రాలేదని మీరే వాణ్ణి మీ జోడీగా పిలిచారు. మధ్యలోకి వచ్చిన షటిల్‌కి ఇద్దరూ వెళ్ళారు, వాడి రాకెట్ అంచు మీ చేతికి తగిలింది. ముందు "చూసుకోరా" అన్నారు. తర్వాత ఆట ఆపి, ఫోను లైటు వేసి వాచీ చూసుకున్నారు. వాచీ మీద పడ్డ గీత ఫొటో తీసి షటిల్ కోర్టు వాట్సాప్ గ్రూపులో పెట్టారు. పేరు రాయలేదు నిజమే. రాయక్కర్లేదు, ఆ రోజు ఎవరాడారో అందరికీ తెలుసు.

కోనసీమ_స్మాష్:
ఓర్నాయనో.

చెరువుగట్టు:
అమ్మా, మీవాణ్ణి నేనేమన్నా అన్నానా? ఒక్క రూపాయి అడిగానా?

లేసు_అల్లిక:
అడిగితే బాగుండేదండి. గీతకి ఎంతవుతుందో అంత ఇచ్చేసి వాడు తలెత్తుకుని ఆడుకునేవాడు. అడగలేదు కాబట్టి ఇప్పుడు వాణ్ణి ఎవరూ జోడీగా పిలవట్లేదు. "నీ దగ్గర ఆడాలంటే ఇన్సూరెన్సు కావాలిరా" అని ఒకాయన జోకు. వాడు వెళ్ళి గోడ పక్కన కూర్చుని వస్తున్నాడు. 2025 ఆగస్టులో మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతం అయిందని, మునిగిపోయామని మీ రైతులే టీవీల్లో చెప్పారు. మునిగినవాళ్ళ చేతికి నాలుగు లక్షల వాచీలు ఎక్కణ్ణించి వచ్చాయో.

చెరువుగట్టు:
సుంకం దెబ్బేంటో నా చెరువు గట్టు మీదకొచ్చి చూడండి, మాట్లాడదాం. ఒక పంటలో వచ్చింది, రెండు పంటల్లో పోయింది. వచ్చినప్పుడు కొన్నాను. దాని మీద ఎవరూ మాట్లాడక్కర్లేదు. ఆ కోర్టులో సింథటిక్ మ్యాట్ వేయించడానికి ఎవరెవరు డబ్బులిచ్చారో తెలుసా మీకు? అంతకుముందు సిమెంటు మీద మోకాళ్ళు పోగొట్టుకునేవాళ్ళు మీ పిల్లలు.

లేసు_అల్లిక:
తెలుసు. గోడ మీద పేర్లు రాయించారు కదా. మ్యాట్ వేశాక నెల ఫీజు పెరిగింది, ఆరు నుంచి ఎనిమిది పెద్దవాళ్ళ టైము అయింది. పిల్లలు మీకు మనిషి తక్కువైతే ఆడతారు, లేకపోతే షటిళ్ళు ఏరతారు. అలా పిలిచి ఆడించుకున్నప్పుడు మీ చేతికి ఎంత ఖరీదు ఉందో పదమూడేళ్ళ పిల్లాడు లెక్కపెట్టుకుని రాకెట్ తిప్పాలా? మీ సరదా మీది, దాని భయం వాడికెందుకు?

పీఈటీ_మాస్టారు:
నేనన్నది ఇదే. రుమాలు ఉంటే ఈ గొడవ లేదు.

గోదారి_గట్టు:
మాస్టారూ, మీరు అన్నది కనుబొమ్మ గురించి.

తణుకు_వాచీవాలా:
ఒక్క మాట. రాకెట్ దెబ్బకే టైము మారిందని మీరిద్దరూ అనేసుకున్నారు. దెబ్బకి బాలెన్స్ వీల్‌ని ఊపే సన్నటి హెయిర్‌స్ప్రింగ్ చుట్టలు ఒకదానికొకటి అంటుకుంటే వాచీ ముందుకి పోవచ్చు, కాదనను. అంతకంటే మామూలుగా చూసేది అయస్కాంతం పట్టడం. స్పీకరు, అయస్కాంతం ఉన్న ఫోను కవరు, కారులో ఫోను స్టాండు, వీటి దగ్గర పెడితే చాలు. రాత్రిపూట వాచీ ఎక్కడ పెడతారు?

చెరువుగట్టు:
మంచం పక్కన స్పీకరు మీద.

తణుకు_వాచీవాలా:
చిన్న దిక్సూచి ఒకటి తెచ్చి వాచీ మీద మెల్లగా జరపండి. లోపల స్టీలుంటుంది కాబట్టి సూది కొంచెం కదలడం మామూలే. బాలెన్స్ ఉన్నచోట టిక్కులతోపాటు వణికితే పట్టినట్టే. పక్కా కావాలంటే ఏ వాచీ కొట్టులోనైనా డీమాగ్నెటైజ్ చేయించండి, అంటే అయస్కాంతం వదిలించండి, నిమిషం పని. తర్వాత కూడా ముందుకి పోతే అప్పుడు రాకెట్ మాట మాట్లాడదాం.

పూతరేకు:
క్వార్ట్జ్ జి-షాక్‌కి హెయిర్‌స్ప్రింగే ఉండదు.

చెరువుగట్టు:
మా అమ్మాయి సైన్సు ప్రాజెక్టు దిక్సూచితో చూశాను. సూది వణికింది. నిన్న ఊళ్ళో కొట్టులో మిషను మీద పెట్టించాను. అప్పట్నించీ టైము సరిగ్గానే ఉంది. గీత మాత్రం ఉంది.

లేసు_అల్లిక:
అంటే టైము మారింది మావాడి వల్ల కాదు. ఆ మాట పెట్టండి.

చెరువుగట్టు:
పెట్టాను కదమ్మా, పైన.

లేసు_అల్లిక:
ఇక్కడ ఎవరు చూస్తారండి? కోర్టు గ్రూపులో పెట్టండి. ఫొటో అక్కడే కదా పెట్టారు.

కోనసీమ_స్మాష్:
ఆదివారం భీమవరం వస్తున్నా. ఆ కుర్రాడు ఖాళీగా ఉంటే నేను జోడీ కడతాను. నా చేతికి ఎర్రదారం తప్ప ఏమీ ఉండదు.

తణుకు_వాచీవాలా:
చెరువుగట్టు గారూ, కొట్టువాడు వెనక మూత తెరిచాడా? తెరిస్తే నీళ్ళు దూరకుండా ఉండే రబ్బరు రింగు, గాస్కెట్, మార్పించి నీటి పరీక్ష చేయించాకే ఆటకి పెట్టుకోండి. చెమట ఊరుకోదు.

చెరువుగట్టు:
తెరవలేదండి. గ్రూపులో కూడా పెట్టాను, చూసుకోండమ్మా. కానీ ఆదివారం వాచీ తీసి ఆడతానని మాత్రం అనుకోకండి. ఎడమచేతికే ఉంటుంది.

పీఈటీ_మాస్టారు:
అయితే సింగిల్స్ ఆడండి.