హెడ్ కోచ్ అయిన, పోరలు ఇంక ‘అన్నా’ అనే చూస్తున్నరు

నమస్తే. మాది హన్మకొండ. అండర్-15 ఫుట్‌బాల్ పోరలకు ఆరేండ్లు అసిస్టెంట్ కోచ్‌గ చేసిన. కోన్లు పేర్చుడు, పెద్దసారు తిడితే ఏడ్సినోన్ని సముదాయించుడు, గదే నా పని. పోయిన నెల సారు మానేసిండు, విజిల్ నా మెడల పడ్డది.

మొన్న లెఫ్ట్ బ్యాక్ పిలగాన్ని బెంచ్ మీద కూసోపెట్టిన. ‘నువ్వు గూడనా అన్నా’ అనుకుంట బూట్లిప్పి సంకల పెట్టుకొని ఇంటికి పోయిండు. మన హైదరాబాద్ రహీం సాబ్ ఇండియా ఫుట్‌బాల్ టీంకు కోచ్‌గ ఉండి 1951ల, 1962ల ఆసియా క్రీడల బంగారం తెచ్చిండు. నేను ఒక్క పోరన్ని బెంచ్ మీద ఉంచలేకపోతున్న!

నాకు ఏఐఎఫ్‌ఎఫ్ (ఇండియా ఫుట్‌బాల్ సమాఖ్య) డి కోచింగ్ లైసెన్స్ ఉన్నది. దాని పై మెట్టు ఏఎఫ్‌సీ (ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య) సి లైసెన్స్ ఇప్పుడే చెయ్యాల్నా, ఒక సీజన్ ఆగాల్నా? టీంల పేరు లేదని ముందు పిలగానికి చెప్పాల్నా, అందరి ముంగట చదవాల్నా? ఈ దారిల పోయినోళ్లు జర చెప్పున్రి.